ముందు అరుగు మీదే కూర్చోబెట్టండి

పోయిన ఆగస్టులో ఒక మధ్యాహ్నం నేను ఆఫీసులో ఉండగా తెనాలి నుంచి నాన్న ఫోన్ చేశారు. "అమ్మడూ, ఓటీపీ వచ్చింది కానీ ఇందులో బెనిఫిషియరీ అని ఏదో రాసుంది, మనకి డబ్బులు రావడానికి బెనిఫిషియరీని కలపడం ఎందుకు?" అన్నారు. నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక మాత్రం కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి. "నాన్నా, ఆ నంబర్ ఎక్కడా కొట్టకండి, ఆ పేజీ అలాగే వదిలేయండి, ఫోన్ పెట్టేయకండి" అని గట్టిగానే అన్నాను, పక్క సీట్ల వాళ్లు తిరిగి చూసేంత గట్టిగా.

జరిగిందేంటంటే ఆ రోజు పొద్దున ఇన్‌కంటాక్స్ వాళ్లు పంపినట్టు ఒక మెయిల్ వచ్చింది. మీ రిఫండ్ 18,640 రూపాయలు మంజూరైంది, ఖాతా వివరాలు సరిపోలలేదు, ఈరోజు సాయంత్రంలోగా సరిచేయకపోతే రద్దవుతుంది అని. నాన్న రిటర్న్ వేసి అప్పటికి మూడు వారాలైంది, రిఫండ్ కోసం నిజంగానే ఎదురుచూస్తున్నారు, కాబట్టి అనుమానం రావడానికి కారణమే లేదు. మెయిల్‌కి ఒక అటాచ్‌మెంట్ ఉంది. నొక్కితే బ్రౌజర్‌లో ఒక పేజీ తెరుచుకుంది, పైన వాళ్ల బ్యాంకు లోగో, కింద యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ గడులు. రెండూ నింపారు. అవతల కూర్చున్నవాడు ఆ వివరాలతో వెంటనే నిజమైన నెట్ బ్యాంకింగ్‌లోకి వెళ్లి, తన ఖాతాని బెనిఫిషియరీగా, అంటే మన డబ్బు పంపించుకునే ఖాతాగా, చేర్చడానికి నొక్కాడు, ఆ ఓటీపీయే నాన్న ఫోన్‌కి వచ్చింది. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి కనుక మెసేజ్‌లో అంకెలతో పాటు పక్కనున్న మాటలు కూడా చదివారు. అదొక్కటే మమ్మల్ని కాపాడింది. అరగంటలో పాస్‌వర్డ్ మార్చాం, బ్యాంకుకి ఫోన్ చేసి నెట్ బ్యాంకింగ్ ఆపించాం, సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కి కూడా చేసి చెప్పాం. రూపాయి పోలేదు.

ఆ రాత్రి నాన్న అన్నం సరిగా తినలేదని అమ్మ చెప్పింది. డబ్బు పోనందుకు సంతోషం కన్నా, మోసపోబోయాననే బాధ ఆయనకి ఎక్కువ. నాకు అదే కష్టంగా అనిపించింది. ఎందుకంటే ఆయన తప్పు ఇందులో ఏముంది? ఆ మెయిల్ వచ్చి కూర్చున్నది ఎక్కడో చూడండి. కరెంటు బిల్లు, పెన్షన్ స్లిప్పు, నేను పంపే ఫొటోలు, మా పిన్ని కొడుకు పెళ్లి శుభలేఖ, వీటన్నిటి మధ్యన, అదే అక్షరాల్లో, అదే సైజులో. పరిచయమున్నవాడూ లేనివాడూ ఒకే మంచం మీద కూర్చుంటే ఇంట్లోవాళ్లు ఎవరినని కనిపెడతారు?

మా తాతయ్య ఇంటికి పెద్ద అరుగు ఉండేది. ఊరికి కొత్తవాళ్లు ఎవరొచ్చినా ముందు అక్కడే కూర్చోబెట్టేవారు. చాప వేసి, మజ్జిగిచ్చి, ఏ ఊరు, ఎవరి తాలూకు అని నెమ్మదిగా అడిగేవారు. అది అవమానం కాదు, వచ్చినవాళ్లూ అలా అనుకునేవారు కాదు. వివరం తెలిశాకే గడప దాటి లోపలికి. తెలియకపోతే మజ్జిగ తాగి అట్నుంచి అటే. మనం 2020లో బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లని పద్నాలుగు రోజులు ఊరి బడిలో ఉంచాం గుర్తుందా, అక్కడా సంగతి ఇదే. ఆ మనిషికి జబ్బుందని కాదు, ఉందో లేదో ఇంకా తెలియదని. అనుమానంగా ఉన్న మెయిల్‌ని వేరుగా ఉంచడమంటే కూడా అంతే. అది మంచిదా చెడ్డదా అని అప్పటికప్పుడు తేల్చే భారం మన మీద ఉండదు, ముందు వేరే చోట కూర్చోబెడతాం, తీరిగ్గా చూస్తాం. మోసగాడి బలమంతా "ఈరోజు సాయంత్రంలోగా" అనే మాటలో ఉంది. ఆ సాయంత్రాన్ని దాటించేస్తే వాడి చేతిలో ఏమీ మిగలదు.

అందుకే ఆ ఆదివారం తెనాలి వెళ్లి నాన్న జీమెయిల్‌లో ఒక లేబుల్ చేశాను, అంటే మెయిల్స్ వేరుగా పెట్టుకునే అర లాంటిది. దాని పేరు అరుగు.

చేయడం కష్టమేమీ కాదు కానీ ఫోన్ యాప్‌లో కుదరదు, కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి చేయాలి. సెట్టింగ్స్‌లో ఫిల్టర్స్ దగ్గరికి వెళ్లి కొత్త ఫిల్టర్ మొదలుపెడితే ఫ్రమ్ అనే గడి ఉంటుంది. అక్కడ ముందు మైనస్ గుర్తు, వెంటనే బ్రాకెట్లలో మనకు నిజంగా తెలిసిన అడ్రస్‌లు, ఒక్కోదాని మధ్యన ఓఆర్ (OR) అని ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో రాయాలి. అంటే "వీళ్లు కానివాళ్లు" అని అర్థం. కింద అటాచ్‌మెంట్ ఉన్నవి అనే గడిలో టిక్ పెట్టి, తర్వాతి పేజీలో ఇన్‌బాక్స్‌లోకి రానీయకు, ఈ లేబుల్ తగిలించు అనే రెండూ ఎంచుకోవాలి. అయిపోయింది. తెలియనివాళ్లు ఫైలు జోడించి పంపినది ఏదైనా నేరుగా అరుగు మీదికే వెళుతుంది. రెండో ఫిల్టర్ కూడా ఇలాగే, కాకపోతే అటాచ్‌మెంట్ బదులు రిఫండ్, కేవైసీ, వెరిఫై, సస్పెండ్, అర్జెంట్ లాంటి మాటలు పెట్టాను. దీనివల్ల నాకు అన్నిటికన్నా నచ్చిన లాభం ఏంటంటే, ఇన్‌బాక్స్‌లోకి రాని మెయిల్‌కి ఫోన్ మోగదు. మధ్యాహ్నం కునుకు తీస్తున్న మనిషిని లేపి టెన్షన్ పెట్టే అవకాశమే దానికి లేదు.

ఔట్‌లుక్ డాట్ కామ్ వాడేవాళ్లకి ఇంత పని కూడా అక్కర్లేదు. జంక్ మెయిల్ సెట్టింగుల్లో, నేను నమ్మేవాళ్ల జాబితాలో లేనివాళ్ల అటాచ్‌మెంట్లు, బొమ్మలు, లింకులు ఆపెయ్యి అనే గడి ఉంది. కంప్యూటర్‌లో వేసుకునే క్లాసిక్ ఔట్‌లుక్‌లో ఇంకో మంచి సదుపాయం ఉంది, చాలామందికి తెలియదు. అనుమానంగా ఉన్న మెయిల్‌ని జంక్ ఫోల్డర్‌లోకి జరిపితే అది వట్టి అక్షరాలుగా మారిపోయి, లింకులు పనిచేయడం మానేస్తాయి, అందమైన బటన్ వెనక దాక్కున్న అసలు అడ్రస్ పక్కనే బయటపడుతుంది.

బొమ్మల సంగతి కూడా చెప్పాలి. మెయిల్‌లో కంటికి కనబడనంత చిన్న బొమ్మ ఒకటి పెట్టి, అది మన దగ్గర తెరుచుకోగానే "ఈ అడ్రస్‌లో మనిషి ఉన్నాడు, చదువుతున్నాడు" అని పంపినవాడు తెలుసుకుంటాడు. 2013 డిసెంబరు నుంచి జీమెయిల్ ఈ బొమ్మల్ని తన సర్వర్ల ద్వారా తెచ్చి చూపిస్తోంది కాబట్టి మనం ఏ నెట్‌వర్క్‌లో ఉన్నామో వాడికి నేరుగా తెలియదు, కానీ మెయిల్ తెరిచామన్న సంగతి మాత్రం తెలిసిపోగలదు. అందుకే సెట్టింగుల్లో బయటి బొమ్మలు చూపించే ముందు అడుగు అనేదాన్ని పెట్టేశాను. అసలు పరిచయమే లేని మెయిల్ కింద అన్‌సబ్‌స్క్రయిబ్ అని ఉంటే అదీ నొక్కొద్దు, మనం సభ్యులుగా చేరినవాటికే అది.

ఇక అరుగు మీద కూర్చున్నవాళ్లని ఏమని అడగాలి?

నాన్నకి నేను నేర్పిన మొదటిది అడ్రస్‌ని కుడి నుంచి ఎడమకి చదవడం. పంపినవాడి పేరుని అసలు పట్టించుకోవద్దు, ఆ పేరు ఎవరైనా ఏదైనా రాసుకోవచ్చు. ఎట్ గుర్తు తర్వాత ఉన్నదాన్ని చివర నుంచి చూడాలి. ఇన్‌కంటాక్స్ శాఖ సైట్ చివర డాట్ జీఓవీ డాట్ ఇన్ అని ఉంటుంది. నాన్నకి వచ్చినదాంట్లోనూ జీఓవీ, ఇన్ రెండూ ఉన్నాయి, కానీ వాటి మధ్య చుక్కలు కాదు అడ్డగీతలు, ఆ తర్వాత ఇంకేదో పేరు, చివర డాట్ కామ్. కుడి నుంచి చదివితే ఒక్క సెకనులో దొరికిపోయేది. లింకులైనా అంతే, ఫోన్‌లో వేలితో నొక్కి పట్టుకుంటే తెరుచుకోకుండానే అడ్రస్ కనబడుతుంది, మొదటి ఒంటి స్లాష్ వరకు చూసి అక్కడి నుంచి వెనక్కి చదవాలి.

బ్యాంకుల విషయంలో ఇప్పుడు ఈ పద్ధతి ఇంకా తేలికైంది. మన బ్యాంకులన్నీ తమ సైట్లని డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే చివర కిందికి మార్చుకోవాలని రిజర్వ్ బ్యాంకు 2025లో చెప్పింది, దానికి పెట్టిన గడువు ఆ ఏడాది అక్టోబర్ 31. ఆ చివర ఉన్న పేరు ఎవరు పడితే వాళ్లు కొనుక్కోలేరు, ఇచ్చే అధికారం ఒక్క ఐడీఆర్‌బీటీకే ఉంది. అది మన హైదరాబాద్‌లో మాసాబ్ ట్యాంక్ దగ్గర ఉన్న సంస్థే, రోజూ దాని ముందు నుంచి వెళ్లేవాళ్లలో ఎంతమందికి తెలుసో. ఇంట్లో పెద్దవాళ్లకి ఇదొక్కటి నేర్పితే చాలు, ఎన్నో పేజీలు వాటంతట అవే పక్కకి పోతాయి.

రెండోది అటాచ్‌మెంట్ తోక, అంటే ఫైలు పేరు చివర చుక్క తర్వాత ఉండే అక్షరాలు, అది ఏ రకం ఫైలో చెప్పేవి. నాన్నకి వచ్చిన ఫైలు పీడీఎఫ్ కాదు, హెచ్‌టీఎమ్ఎల్. అంటే వెబ్ పేజీనే ఫైలుగా చుట్టి పంపారు. నాకు తెలిసి ఏ బ్యాంకూ, ఏ పన్ను శాఖా పాస్‌వర్డ్ అడిగే పేజీని మెయిల్‌కి జోడించి పంపదు. ఇక విండోస్ కంప్యూటర్లలో తెలిసిన తోకల్ని దాచిపెట్టే అలవాటు మొదటినుంచీ ఉంది, దాంతో చివర పీడీఎఫ్ అని కనబడేదాని వెనక, ఇది ప్రోగ్రామ్ అని చెప్పే ఈఎక్స్ఈ అనే ఇంకో తోక ఉన్నా మనకి తెలియదు. 2000 మే 4న ఫిలిప్పీన్స్ నుంచి మొదలై ప్రపంచమంతా పాకిన ఐలవ్యూ వైరస్ సరిగ్గా ఈ దారినే వచ్చింది. ప్రేమలేఖ, టీఎక్స్‌టీ ఫైలు అనుకుని తెరిచారు, వెనకున్న వీబీఎస్ అనే ప్రోగ్రామ్ తోక చాలామందికి కనబడనే లేదు. తెరవగానే అది ఆ మనిషి అడ్రస్ బుక్‌లో ఉన్న అందరికీ తనంతట తానే వెళ్లిపోయింది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ కింద ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అనే టిక్ పెట్టుకుంటే తోకలు ఎప్పుడూ కనబడుతూనే ఉంటాయి. ఇప్పుడే చేసి మళ్లీ వచ్చి చదవండి, పరవాలేదు.

మూడోది, పాస్‌వర్డ్ పెట్టిన జిప్ ఫైలు. పాస్‌వర్డ్ ఉంటే భద్రం అని మనకొక నమ్మకం. కానీ మెయిల్‌ని పరీక్షించే యంత్రం ఆ ఫైలు లోపలికి వెళ్లలేదు కాబట్టే దొంగలు దానికి తాళం వేస్తారు, తాళంచెవి అదే మెయిల్‌లో రాసి మన చేత తీయిస్తారు. మన బ్యాంకు స్టేట్‌మెంట్లకీ పాస్‌వర్డ్ ఉంటుంది కదా అని నాన్న అడిగారు, మంచి ప్రశ్న. తేడా చూడండి. బ్యాంకు పాస్‌వర్డ్ రాయదు, పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన తేదీ అంటూ మనకు మాత్రమే తెలిసినవాటితో ఎలా కూర్చుకోవాలో చెబుతుంది. దొంగకి సాధారణంగా మన పుట్టిన తేదీ తెలియదు, అందుకని పాస్‌వర్డ్ నేరుగా రాసేస్తాడు.

ఇంకొంచెం లోతుగా చూడాలనుకుంటే జీమెయిల్‌లో మూడు చుక్కలు నొక్కి షో ఒరిజినల్ అంటే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు వరసలు కనబడతాయి. పంపినవాడు తను చెప్పుకునే డొమైన్, అంటే ఎట్ గుర్తు తర్వాతి పేరు, నుంచే పంపాడా అని చూసే తనిఖీలు ఇవి. పెద్ద ఎత్తున మెయిల్స్ పంపేవాళ్లంతా వీటిని పెట్టుకోవాల్సిందేనని గూగుల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి గట్టిగా అంటున్నాయి. ఫెయిల్ అని ఉంటే అందులోని ఫైళ్లూ లింకులూ తెరవకండి. కానీ పాస్ అని ఉంటే మంచివాడని కాదు, దొంగ సొంత డొమైన్ కొనుక్కుని దానికి అన్నీ సక్రమంగా పెట్టుకోవచ్చు. అందుకే మళ్లీ కుడి నుంచి ఎడమకే రావాలి.

తెలిసినవాళ్ల జాబితా కూడా సర్వం కాదు, ఈ మాట నొక్కి చెబుతున్నాను. ఇమొటెట్ అనే మాల్‌వేర్, అంటే హాని చేసే ప్రోగ్రామ్, ఒకరి మెయిల్ బాక్సులో దూరి, అక్కడ నడుస్తున్న పాత సంభాషణల్ని దొంగిలించి, వాటికి జవాబిస్తున్నట్టుగా విషపు ఫైలు పంపేది. 2021 జనవరిలో చాలా దేశాల పోలీసులు కలిసి దాన్ని పడగొట్టారు, అదే ఏడాది నవంబరులో మళ్లీ లేచింది. మీ అన్నయ్య పేరుతో, మీరిద్దరూ మాట్లాడుకుంటున్న విషయం కిందే, "ఈ డాక్యుమెంట్ చూడు" అని వస్తే ఏ ఫిల్టర్ ఆపుతుంది? అప్పుడు ఒక ఫోన్ చేయడమే. ఆ ఫైలు తెరిచాక వర్డ్ పైన పసుపు పట్టీలో ఎనేబుల్ కంటెంట్ అని అడిగితే నొక్కకూడదు. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలో మ్యాక్రోలని, అంటే ఆ బటన్ నొక్కితే ఫైలు లోపల నడిచే చిన్న ప్రోగ్రాములని, మైక్రోసాఫ్ట్ 2022లో దానంతట అదే ఆపేసేలా మార్చింది కానీ పాత ఆఫీస్ వెర్షన్లతో నడుస్తున్న జిరాక్స్ షాపులూ ట్యూషన్ సెంటర్లూ మన ఊళ్లలో ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి. ఫైలు తప్పకుండా చూడాల్సి వస్తే డౌన్‌లోడ్ చేయకుండా జీమెయిల్ ప్రివ్యూలోనే చూడండి, అప్పుడు అది మన కంప్యూటర్‌లో నడవదు, అయినా లోపలున్న లింకుల్ని మాత్రం నొక్కొద్దు. విండోస్ ప్రో ఉన్నవాళ్లకి శాండ్‌బాక్స్ ఉంటుంది, కంప్యూటర్ లోపలే వేరుగా నడిచే తాత్కాలిక కంప్యూటర్ లాంటిది, అందులో తెరిచి కిటికీ మూసేస్తే అందులో జరిగినదంతా చెరిగిపోతుంది. ఫైళ్లని పరీక్షించే వైరస్‌టోటల్ అనే సైట్‌లో వేసి చూడటం మంచి పద్ధతే, కాకపోతే అక్కడ వేసిన ఫైలు ఇతర భద్రతా సంస్థల చేతికీ వెళుతుంది, కాబట్టి సొంత ఆధార్, జీతం కాగితాలు వేయకండి.

ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకి ఒక మాట. మా ఆఫీసు మెయిల్‌కి క్వారంటైన్ ఉంది, ఆపిన మెయిల్స్ జాబితా మాకు పంపుతుంది, కావాలంటే విడుదల చేసుకోవచ్చు. ఇప్పుడు దొంగలు ఆ జాబితానే నకలు చేస్తున్నారు. "మీ మెయిల్స్ అయిదు ఆగిపోయాయి, విడుదల చేయండి" అని ఒక బటన్, నొక్కితే ఆఫీసు లాగిన్ లాంటి పేజీ. కాపలావాడి వేషంలో దొంగ రావడమన్నమాట, చూసినప్పుడు నాకు చాలా కోపం వచ్చింది. అలాంటిది వస్తే అందులోని బటన్ ముట్టుకోకుండా, క్వారంటైన్ పేజీకి మీరు ఎప్పుడూ వెళ్లే దారిలోనే వెళ్లండి.

వేరుగా పెట్టడంలో కష్టం లేకపోలేదు. మంచివాళ్లూ అరుగు మీద ఆగిపోతారు. మా చెల్లి అమెరికాలో ఎమ్మెస్‌కి అప్లై చేసినప్పుడు ఒక యూనివర్సిటీ నుంచి రావాల్సిన ఉత్తరం స్పామ్‌లో పడింది. జీమెయిల్ స్పామ్‌లో ఉన్నవాటిని 30 రోజుల తర్వాత పూర్తిగా చెరిపేస్తుంది, తను చూసింది ఇరవై ఆరో రోజున. ఇంకో నాలుగు రోజులైతే దాని జాడ కూడా ఉండేది కాదు. అందుకే నాన్నకి లేబుల్ పెట్టాను కానీ స్పామ్‌లోకి పంపలేదు, లేబుల్ కింద ఉన్నవి మనం తీసేవరకు ఉంటాయి. వారానికోసారి స్పామ్ కూడా ఒక చూపు చూడండి, లోపల ఏదీ నొక్కకుండా విషయం వరస మాత్రమే.

అసలు మెయిల్ అడ్రస్‌లే రెండు పెట్టుకోవడం ఇంకా మంచిది. బ్యాంకు, ఆధార్, పన్ను, ఇన్సూరెన్స్ వీటికి ఒకటి, దాన్ని ఇంకెక్కడా ఇవ్వకూడదు. షాపింగ్ మాల్‌లో బిల్లు దగ్గర అడిగేవాళ్లకీ, లక్కీ డ్రాలకీ, యాప్‌లకీ రెండోది. అప్పుడు రెండో అడ్రస్‌కి "మీ బ్యాంకు" నుంచి మెయిల్ వచ్చిందంటే చదవకుండానే సంగతి తెలిసిపోతుంది, బ్యాంకుకి ఆ అడ్రస్ తెలియదు కదా. జీమెయిల్‌లో పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి ఏ మాటైనా చేర్చుకునే వీలుంది, కానీ చాలా సైట్లు ప్లస్ గుర్తుని ఒప్పుకోవు, స్పామ్ పంపేవాళ్లు దాన్ని సులభంగా తీసేయగలరు కూడా. రెండు అడ్రస్‌లే మేలు.

ఇప్పుడు మా ఇంట్లో ఆదివారం పొద్దున కాఫీ తర్వాత వీడియో కాల్‌లో నాన్న అరుగు చదువుతారు. పంపినవాడి అడ్రస్ కుడి నుంచి ఎడమకి పలుకుతారు, తోక చెబుతారు, తరవాత తనే తీర్పు చెబుతారు, నేను వింటాను. మొదట్లో నన్ను అడిగేవారు, ఇప్పుడు అడగడం లేదు. పోయిన వారం అక్కడ ఒక మెయిల్ ఉంది. తెలియని అడ్రస్, రెండు ఫొటోలు జోడించి ఉన్నాయి, "మాస్టారూ, గుర్తున్నానా, 1994 టెన్త్ బ్యాచ్" అని. నాన్న తెరవలేదు. ఆ బ్యాచ్‌లో ఇంకో అబ్బాయి నంబర్ ఆయన దగ్గరుంది, ఆ అబ్బాయికి ఫోన్ చేసి, అవును మాస్టారూ వాడే, దుబాయ్‌లో ఉన్నాడు, మీ అడ్రస్ నేనే ఇచ్చాను అన్నాక తెరిచారు. ఫొటోలో బడి గేటు ముందు నలభై మంది పిల్లలు, మధ్యలో నల్లటి జుట్టుతో నాన్న. ఆ అడ్రస్‌ని జాబితాలో చేర్చమని నాకు చెప్పి, జవాబు రాయడానికి కూర్చున్నారు.